అరగంట క్రిస్మస్ బొమ్మల చిత్రాలు

డిసెంబరు వచ్చిందంటే అమెరికా, బ్రిటన్ టీవీల్లో మళ్లీ మళ్లీ వేసే క్రిస్మస్ యానిమేషన్ చిత్రాల్లో పాతవి చాలావరకు పాతిక, ఇరవై ఆరు నిమిషాలకు మించవు. ఈ నిడివిని పిల్లల మనసు చదివి ఎవరూ నిర్ణయించలేదు. అరగంట టీవీ కార్యక్రమంలో వ్యాపార ప్రకటనలు పోగా మిగిలే సమయం అది. అయితే నాలుగేళ్ల పిల్ల ఒకచోట కూర్చుని కథను మొదటి నుంచి చివరి దాకా పట్టుకోవడానికి కూడా ఆ నిడివి బాగా సరిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు పండుగ సెలవుల్లో ఏ చిత్రం పెట్టాలా అని వెతికేటప్పుడు ఈ పాత అరగంట చిత్రాల దగ్గరే మొదలుపెట్టడం మేలు.

టీవీ రాకముందే ఈ రకం చిత్రాలున్నాయి. రష్యాలో 1913లో లాడిస్లాస్ స్టారెవిచ్ పురుగుల క్రిస్మస్ మీద ఒక చిన్న మూకీ తీశాడు. క్రిస్మస్ చెట్టుకు వేలాడే క్రిస్మస్ తాత బొమ్మ కిందికి దిగి, అడవిలోని పురుగులకూ ఒక కప్పకూ పండుగ చేయడం అందులో కథ. వాల్ట్ డిస్నీ సంస్థ 1932లో 'శాంటాస్ వర్క్‌షాప్', 1933లో 'ద నైట్ బిఫోర్ క్రిస్మస్' తీసింది. ఇవన్నీ సినిమాహాళ్లలో వేసినవి.

తర్వాత టీవీకెక్కిన ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ పుట్టింది మాత్రం దుకాణంలో. షికాగోకు చెందిన మాంట్‌గొమరీ వార్డ్ అనే పెద్ద దుకాణాల సంస్థ పండుగకు వచ్చే పిల్లలకు ఉచితంగా పంచడానికి ఒక పుస్తకం కావాలనుకుంది. అక్కడ ప్రకటనలు రాసే రాబర్ట్ మే 1939లో ఈ కథ అల్లాడు. ఆ ఒక్క ఏడాదే దాదాపు 24 లక్షల ప్రతులు పంచారు. 1948లో మాక్స్ ఫ్లైషర్ దాన్ని చిన్న కార్టూన్‌గా తీశాడు. ఆ మరుసటి ఏడాది మే బావమరిది జానీ మార్క్స్ కట్టిన పాటను జీన్ ఆట్రీ పాడగా, రుడాల్ఫ్ పేరు అమెరికాలో ఇంటింటికీ చేరింది.

టీవీ కోసమే ప్రత్యేకంగా తయారైన తొలి క్రిస్మస్ యానిమేషన్ కార్యక్రమం 1962 డిసెంబరు 18న ఎన్‌బీసీలో వచ్చిన 'మిస్టర్ మాగూస్ క్రిస్మస్ కేరల్'. డికెన్స్ రాసిన పిసినారి కథను చూపు ఆనని మాగూ అనే పాత్రతో నడిపారు. అది బాగా ఆడడంతో పండుగకు కార్టూన్ వేస్తే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారని కంపెనీలకు అర్థమైంది.

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ డబ్బు పెట్టగా 1964 డిసెంబరు 6న 'రుడాల్ఫ్ ద రెడ్ నోస్డ్ రెయిన్‌డీర్' ప్రసారమైంది. నిర్మాతలు ఆర్థర్ రాంకిన్, జూల్స్ బాస్. దీన్ని గంట కార్యక్రమంగా తీశారు. మాటలు రికార్డు చేసింది కెనడాలో, బొమ్మలు కదిలింది టోక్యోలో. అక్కడ తదహితో మోచినాగా నడిపే స్టూడియోలో బొమ్మల్ని వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం. తెర మీద ఒక్క సెకనుకు 24 ఫ్రేములు కావాలి. జపాన్‌లో బొమ్మల యానిమేషన్‌కు దారి వేసినవాడు మోచినాగా. అంతకుముందు చైనాలో పనిచేసి అక్కడి యానిమేషన్‌కూ పునాది వేయడంలో పాలుపంచుకున్నాడు. అమెరికా పిల్లలు తమ సొంత పండుగ చిత్రమనుకున్న దాని వెనుక ఉన్నది ఈ జపాన్ కళాకారుల ఓపిక, వేళ్ల నేర్పు. మోచినాగా పేరు ఇంకా చాలామందికి తెలియాలి.

చిత్రీకరణకు వాడిన రుడాల్ఫ్, శాంటా (క్రిస్మస్ తాత) బొమ్మలు రెండు మిగిలాయి. శాంటా ఎత్తు 11 అంగుళాలు, రుడాల్ఫ్ 6 అంగుళాలు. కొయ్య, తీగ, గుడ్డతో చేసి, శాంటాకు జడలబర్రె వెంట్రుకలతో గడ్డం అతికించారు. ఏళ్ల తరబడి ఒక ఇంట్లో క్రిస్మస్ చెట్టు కింద అలంకారంగా ఉండిపోయిన ఈ బొమ్మలు 2020 వేలంలో 3,68,000 డాలర్లు పలికాయి. తర్వాత అట్లాంటాలోని తోలుబొమ్మలు, కీలుబొమ్మల మ్యూజియానికి చేరాయి.

ఈ చిత్రాన్ని పిల్లలు ఎంత పట్టించుకున్నారో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. కథలో, ఏదో లోపం ఉందని ఎవరూ తీసుకోని బొమ్మలన్నీ ఒక దీవిలో ఉంటాయి. వాటిని శాంటా వచ్చి తీసుకెళ్లినట్టు మొదటి ప్రసారంలో చూపలేదు. మరి వాటి సంగతేమిటని ప్రేక్షకులు ఉత్తరాలు రాశారు. 1965లో ఆ సన్నివేశం చేర్చారు. చిన్నపిల్లలకు కథలో ఏ పాత్రనూ నడిమధ్యలో వదిలేయకూడదన్న సూత్రం అప్పుడే రుజువైంది. మూడేళ్ల పిల్లలకైతే ఇందులోని మంచు రాక్షసుడు భయం పుట్టించవచ్చు. రుడాల్ఫ్ ముక్కు చూసి సొంత తండ్రే సిగ్గుపడే ఘట్టం వచ్చినప్పుడు పెద్దవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడడం అవసరం.

మరుసటి ఏడాది, 1965 డిసెంబరు 9న, కోకాకోలా ఖర్చుతో సీబీఎస్‌లో 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' వచ్చింది. చార్లెస్ షుల్జ్ రాత, బిల్ మెలెండెజ్ దర్శకత్వం, లీ మెండెల్సన్ నిర్మాణం. ఆరు నెలల్లో ముగించిన పని అది. పిల్లల పాత్రలకు నిజంగా పిల్లలే గొంతు ఇచ్చారు. శాలీ అనే పాత్రకు మాట్లాడిన పాపకు చదవడం రాదు. ఒక్కో ముక్కా చెప్పించి, ఆమె అన్నదాన్ని రికార్డు చేసి, తర్వాత అతికించారు. ఆ తడబాటు, ఆ గాలి పీల్చుకోవడం ఇప్పటికీ వినిపిస్తాయి. చిత్రానికి ప్రాణం అదే. వెనుక నవ్వుల చప్పుడు కలపలేదు. విన్స్ గ్వరాల్డీ జాజ్ సంగీతం వాడారు. పతాక సన్నివేశంలో ఒక పిల్లవాడు లూకా సువార్త వల్లిస్తాడు. ఛానల్ పెద్దలకు ఇదేదీ నచ్చలేదు, మరీ నెమ్మదిగా ఉందన్నారు. కానీ ఆ రాత్రి అమెరికాలో టీవీ పెట్టుకున్న ఇళ్లలో దాదాపు సగం దీన్నే చూశాయి. ఎమ్మీ, పీబడీ అవార్డులు రెండూ వచ్చాయి. పండుగ రోజున కూడా దిగులు పడే చార్లీ బ్రౌన్ లాంటి పిల్లవాడు కథానాయకుడు కావడం అంతవరకూ లేని ధైర్యం. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఇది బాగా అందుతుంది.

1966 డిసెంబరు 18న చక్ జోన్స్ తీసిన 'హౌ ద గ్రించ్ స్టోల్ క్రిస్మస్' వచ్చింది. డాక్టర్ స్యూస్ 1957 నాటి పుస్తకంలో రంగు లేని గ్రించ్ అనే పాత్రను పచ్చగా మార్చినవాడు జోన్సే. 1969లో వచ్చిన 'ఫ్రాస్టీ ద స్నోమాన్' బొమ్మలను టోక్యోలో ఒసాము తెజుకా స్థాపించిన ముషి స్టూడియో గీసింది. మంచుమనిషి కరిగిపోయే చోట చిన్నపిల్లలు ఏడవడం కద్దు. అతడు మళ్లీ వస్తాడని ముందే చెబితే సరిపోతుంది.

'ద స్నోమాన్' దగ్గర అలాంటి ఊరట దొరకదు. రేమండ్ బ్రిగ్స్ 1978లో మాటలు లేకుండా వేసిన పుస్తకం దీనికి ఆధారం. డయాన్ జాక్సన్ దర్శకత్వంలో, అప్పటికి రెండు నెలలైనా నిండని చానల్ 4లో 1982 డిసెంబరు 26న ప్రసారమైంది. రంగు పెన్సిళ్ల గీతలు తెర మీద వణుకుతూనే ఉంటాయి. కథలో ఒక్క సంభాషణ లేదు. హోవర్డ్ బ్లేక్ సంగీతం, ఆకాశంలో ఎగిరేటప్పుడు వచ్చే ఒకే ఒక పాట, అంతే. బ్రిగ్స్ పుస్తకంలో క్రిస్మస్ తాత లేడు, చిత్రంలోకే వచ్చాడు. తెల్లారేసరికి మంచుమనిషి కరిగిపోయి ఉంటాడు. మళ్లీ రాడు. ఏ భాష మాట్లాడే ఇంట్లోనైనా, ఇంగ్లిషు రాని నానమ్మతో కూడా మనవలు కలిసి చూడగలిగేది ఇదే. చివర పిల్లలు అడిగే ప్రశ్నకు మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

బ్రిటన్‌లో ఈ అరగంట సంప్రదాయం ఆగలేదు. 2009 క్రిస్మస్ రోజున బీబీసీ వేసిన 'ద గ్రఫలో', 2012లో 'రూమ్ ఆన్ ద బ్రూమ్', 2015లో 'స్టిక్ మాన్' ఆ వరసలోవే. మూడు నాలుగేళ్ల పిల్లలకు వీటిని మించినవి అరుదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, అంతకంటే చిన్నవాళ్లకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అరగంట చిత్రం ఆ హద్దులో సుఖంగా ఇముడుతుంది.

నిడివి పెరిగిన చిత్రాల దారి వేరు. 1993 నాటి 'ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్' లో పిల్లలు కానుకల డబ్బా విప్పితే పాములు, ముడుచుకుపోయిన తలకాయలు బయటపడతాయి. అమెరికాలో దీనికి పెద్దల పర్యవేక్షణ కోరే పీజీ ధ్రువీకరణ ఇచ్చారు. 2004 నాటి 'ద పోలార్ ఎక్స్‌ప్రెస్' అందరూ చూడదగ్గ జీ తరగతిలోదే, కానీ శాంటా నిజంగా ఉన్నాడా అన్న అనుమానం మీదే కథ నడుస్తుంది. ఆ అనుమానం ఇంకా పుట్టని పిల్లలున్న ఇంట్లో దాన్ని రెండేళ్లు ఆపడం మంచిది. స్పెయిన్ దర్శకుడు సెర్జియో పాబ్లోస్ 2019లో తీసిన 'క్లాస్' చేత్తో గీసిన బొమ్మల చిత్రం. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చి బాఫ్టా గెలిచింది. బద్ధకస్తుడైన ఒక పోస్ట్‌మాన్, పోట్లాటల ఊరు, భార్యను పోగొట్టుకున్న ఒక వడ్రంగి. శాంటా కథ ఎలా మొదలైందో ఇందులో ఊహించి చెబుతారు. దీనికీ అమెరికాలో పీజీయే ఇచ్చారు. భారత్‌లో 2024 నుంచి, పెద్దల పర్యవేక్షణ కోరే యూఏ తరగతిని 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడదీశారు. ఏడేళ్లలోపు పిల్లలున్నవాళ్లు థియేటరుకు వెళ్లేముందు ఈ అంకె చూసుకోవచ్చు.