కత్తిసాములో నిలుకడ

కత్తిసాములో వేటు ఎంత ముఖ్యమో, వేటుకు ముందు నిలుచు తీరు అంతకంటె ముఖ్యము. ఎదుటివాడు కత్తి విసరిన క్షణమున కాలు తూలినచో ప్రాణమే పోవును. అందుచే మధ్యయుగపు ఐరోపా గురువులు నిలుకడలకు పేర్లుపెట్టి గ్రంథములలో వ్రాసియుంచిరి.

అట్టి గ్రంథములలో నేడు మిగిలియున్న మిక్కిలి ప్రాచీనమైనది 14వ శతాబ్ది ఆరంభమున జర్మనీలో లాటిను భాషలో వ్రాయబడినది. ఇపు డది ఇంగ్లండులోని లీడ్సు నగరమున నున్నది. కత్తియు, చిన్న డాలును పట్టిన క్రైస్తవ మతాచార్యుడు శిష్యునకు ఏడు నిలుకడలు నేర్పుట అందలి బొమ్మలలో చూడవచ్చును. అదే శతాబ్దివాడైన లీష్టెనావర్ అను జర్మను గురువు నాలుగే చాలునన్నాడు: ఎద్దు, నాగలి, వెర్రివాడు, పైకప్పు. 'ఎద్దు'లో పిడి తలప్రక్క నుండగా మొన కొమ్మువలె ఎదుటివాని ముఖమునకు గురియగును. 'నాగలి'లో పిడి నడుమువద్దకు దిగును. 'వెర్రివాడు'లో మొన నేలను చూచును. 'పైకప్పు'లో కత్తి వేటుకు సిద్ధముగా పైకెత్తబడి యుండును.

ఈ నిలుకడలన్నిటికి ఆధారమైన ప్రకృతిసూత్ర మొక్కటే. శరీరపు గురుత్వ కేంద్రమునుండి దించిన నిలువుగీత రెండు పాదములు ఆవరించిన చోటి లోపలనే పడవలెను. వెలుపల పడినచో మనిషి ఒరిగిపోవును. పాదములు ఎడముచేసి మోకాళ్ళు వంచినచో ఆధారము విశాలమగును, గురుత్వ కేంద్రము క్రిందికి దిగును. కాని ఎడము మితిమీరినచో అడుగు చురుకుగా కదలదు. స్థిరత్వమునకును చురుకుదనమునకును సరిపాటు కుదుర్చుటయే గురువుల నేర్పు.

ఈ విషయమును మన పూర్వులును గ్రహించిరి. నాట్యశాస్త్రము వైష్ణవము, సమపాదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము అను ఆరు స్థానములను చెప్పినది. మండలములో పాదముల నడుమ నాలుగు తాళముల ఎడముండును. తాళమనగా చాచిన బొటనవ్రేలి కొననుండి నడివ్రేలి కొనవరకు గల దూరము. విల్లు మొదలైన ఆయుధముల ప్రయోగమున కిది తగినదట. ఆలీఢములో కుడిపాదమును ఐదు తాళములు చాచవలెను. ప్రత్యాలీఢములో కుడికాలు వంచి ఎడమపాదమును చాచవలెను. ఆయుధమును ఆలీఢమున సంధించి ప్రత్యాలీఢమున విడువవలెనని విధి. అనగా శరీరపు బరువు ఒక కాలినుండి మరియొక కాలికి మారుటయే దెబ్బకు బలము.

తెలుగునాట ఈ స్థానములను వివరించిన జాయపసేనాని వట్టి పండితుడు కాడు. దివిసీమ నేలిన అయ్య వంశమువాడు; కాకతీయ గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతి. అతని చెల్లెండ్రు నారాంబ, పేరాంబలు చక్రవర్తికి రాణులు. 1253-54లో అతడు ముగించిన నృత్తరత్నావళి నృత్తశాస్త్రమే గాని యుద్ధశాస్త్రము కాదు. అయినను యుద్ధభూమి నెరిగినవాడు వ్రాసిన నిలుకడల వర్ణన మగుటచే దానికొక ప్రత్యేకత కలదు.

ఐరోపా కత్తిసాము గురుశిష్య పరంపర తెగిపోయినను, పాత గ్రంథముల సాయమున నేడు కొందరు దానిని మరల అభ్యసించుచున్నారు. కాకతీయ భటుడు కాలూని నిలిచిన తీరును ఊహింపగోరువారికి, ఆ సేనాని వ్రాసిన నృత్తగ్రంథము ఒక దారి చూపును.