నివాస నిరూపణ పత్రాలు: నెల్లూరు తీర ప్రాంత చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• నివాసాన్ని నమోదు చేయడంలో ప్రభుత్వ ఉద్దేశాలు కాలక్రమంలో ఎలా మారాయో వివరించగలుగుతారు.
• పత్రాలు లేని వర్గాల చరిత్రను ఎలా అధ్యయనం చేయాలో గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

రేషన్ కార్డు, ఓటరు గుర్తింపు కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఆధార్ వంటివాటిని నేడు మనం నివాస నిరూపణ పత్రాలుగా వాడుతున్నాం. వీటిలో చాలావరకు వేరే అవసరాల కోసం పుట్టినవే. కరెంటు బిల్లు డబ్బు వసూలు కోసం, రేషన్ కార్డు సరుకుల పంపిణీ కోసం ఏర్పడ్డాయి. అవి చిరునామాకు రుజువుగా ఎలా మారాయి? వాటిని పొందలేనివారి పరిస్థితి ఏమిటి? నెల్లూరు తీరంలోని యానాదుల అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. గ్రామ లెక్కలు

రైత్వారీ విధానంలో గ్రామ కరణం పట్టాలు, అడంగళ్ళ లెక్కలు రాసేవాడు. భూమి ఎవరిది, పంట ఏది, శిస్తు ఎంత అన్నవి ఆ లెక్కల్లోని ముఖ్యాంశాలు. భూమి లేని మత్స్యకారులకు, చేపలు పట్టి, అటవీ ఉత్పత్తులు సేకరించి బతికే యానాదులకు వాటిలో చోటు దొరకడం కష్టం. అయినా ఊళ్ళో ఒకరినొకరు ఎరిగినవారే కాబట్టి కరణం, మునసబుల మాటే సాధారణంగా రుజువుగా చెల్లేది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. వారి ఇష్టాయిష్టాలపై ఆధారపడే పరిస్థితి తగ్గింది. అదే సమయంలో మాట స్థానంలో కాగితం ప్రాధాన్యం పెరిగింది.

3. అదుపు కోసం నమోదు

వలస పాలనలో కొన్ని వర్గాల నివాసాన్ని ప్రభుత్వం చాలా శ్రద్ధగా నమోదు చేసింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికి వర్తించేలా సవరించారు. ఎరుకలతోపాటు యానాదుల్లో కొన్ని వర్గాలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. నమోదైన వ్యక్తి తన నివాసాన్ని, అందులోని మార్పులను అధికారులకు తెలపాలని నిర్బంధించవచ్చు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక సెటిల్మెంటును నిర్వహించింది. మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని 1947లో తొలగించగా, 1952లో అది దేశమంతటా రద్దయింది. యానాదుల హక్కుల కోసం కృషి చేసినవారిలో వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యుడు.

4. హక్కు కోసం నమోదు

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయ్యాక పేద కుటుంబానికి రేషన్ కార్డు విలువ బాగా పెరిగింది. 1993లో ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులకు ఆదేశించింది. ఒకప్పుడు అదుపు కోసం పేరు నమోదైన వర్గాలవారే ఇప్పుడు బియ్యం కోసం, ఇంటి స్థలం కోసం తమ పేరు నమోదు కావాలని అడగవలసి వచ్చింది.

ఇక్కడొక చిక్కు ఉంది. కాలువ గట్లపై పోరంబోకు స్థలంలో గుడిసె వేసుకున్న కుటుంబానికి పట్టా ఉండదు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే కుటుంబానికి కరెంటు బిల్లు ఉన్నా, అది యజమాని పేరుతో ఉంటుంది. కార్డుకు చిరునామా రుజువు కావాలి, ఆ రుజువుకు మళ్ళీ కార్డే కావాలి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ వంటి విపత్తుల్లో గుడిసెతోపాటు ఉన్న కాగితాలూ పోయే ప్రమాదం ఉంటుంది.

5. మారిన చిరునామాలు

మనిషి కదలకపోయినా చిరునామా మారవచ్చు. సూళ్ళూరుపేటలో ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో, తరవాత ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు చేరింది. 2022 ఏప్రిల్ 4న సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. శ్రీహరికోట ద్వీపంలోని కుటుంబాలది మరో అనుభవం. 1969లో ఆ ద్వీపాన్ని రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశాక అనేక కుటుంబాలు తాము పుట్టిన చోటునే వదలవలసి వచ్చింది.

6. మనుషుల సాక్ష్యం

కాగితం ఒక్కటే రుజువు కాదని చట్టాలు కూడా కొంతవరకు అంగీకరించాయి. ఇల్లు లేనివారు ఓటరుగా నమోదు కోరితే, వారు చెప్పిన చోట నిద్రిస్తున్నారో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్ళి చూడాలి. అటవీ హక్కుల చట్టం (2006) నియమాలు పెద్దల వాంగ్మూలాన్ని, బావులు, శ్మశానాల వంటి గుర్తులను కూడా సాక్ష్యంగా పేర్కొన్నాయి. పత్రాలు లేనివారి కోసం ఆధార్‌లో పరిచయకర్త పద్ధతి పెట్టారు. అయితే ఆధార్ సంఖ్య తనంతట తాను పౌరసత్వానికి గాని, స్థిర నివాసానికి గాని రుజువు కాదని 2016 చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది.

7. సారాంశం

నివాస నమోదు శిస్తు కోసం, అదుపు కోసం, సంక్షేమం కోసం వేర్వేరు రూపాల్లో సాగింది. ఏ పత్రం ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలిస్తే, అందులో ఎవరి పేర్లు లేవో కూడా అర్థమవుతుంది. రికార్డులో పేరు లేనంత మాత్రాన ఆ చోట మనిషి లేడని చరిత్ర విద్యార్థి నిర్ణయించకూడదు. అటువంటి చోట పెద్దల జ్ఞాపకాలు, స్థలనామాలు, శ్మశానాలు కూడా చరిత్రకు ఆధారాలే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నేరస్థ తెగల చట్టం కింద జరిగిన నివాస నమోదుకు, రేషన్ కార్డు కోసం జరిగే నమోదుకు గల తేడాను వివరించండి.
2. మీ ఇంట్లోని అతి పాత పత్రాన్ని పరిశీలించండి. అది ఏ అవసరం కోసం జారీ అయింది? అందులో మీ ఊరు ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉన్నట్లు రాశారు?