ఒకే రాత్రి ఇద్దరు కృష్ణులు

మాఘ బహుళ చతుర్దశి. రాత్రి పదిన్నర దాటింది. శ్రీముఖలింగంలో దర్శనం చేసుకుని తిరిగొస్తున్న జనంతో వంశధార ఒడ్డు దారి ఇంకా సందడిగానే ఉంది. జాగరణ కోసం మీరు ఆ దారిలోని ఒక పల్లెలో ఆగారు. రామమందిరం ఎదుట స్టేజీ కట్టారు. ముందు వరుసల్లో చాపలు, వెనక కుర్చీలు, ఆ వెనక ఆపిన ట్రాక్టర్ల మీద కుర్రాళ్లు. ఉపవాసం ఉన్నవాళ్లు టీతోనే సరిపెట్టుకుంటున్నారు. మీ పక్కన ఒక మామ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఏడెనిమిదేళ్ల మనవడు ఆమె ఒళ్లో తల పెట్టి పడుకున్నాడు.

స్టేజీ పక్కన హార్మోనిస్టు శ్రుతి పట్టాడు. తబలా అందుకుంది. కర్టెన్ లేచింది. యమునా తీరం. కృష్ణుడు సూర్యుడికి అర్ఘ్యమివ్వడానికి దోసిలి పట్టాడు. మామ్మ మనవడిని తట్టి లేపింది. "ఒరే బావూ, కిష్ణుడొచ్చీసినాడు, లెగు!"

ఆకాశంలో వెళుతున్న గయుడనే గంధర్వుడు ఉమ్మిన తాంబూలం సరిగ్గా ఆ దోసిట్లో పడింది. కృష్ణుడి ముఖం మారిపోయింది. వాణ్ణి చంపి తీరతానని పద్యంలో ప్రతిజ్ఞ చేశాడు. రాగం పైస్థాయికి వెళ్లి అక్కడే నిలబడింది. ఊపిరి ఎప్పుడు బిగబట్టారో మీకే తెలియదు. వెనక నుంచి "వన్స్ మోర్!" అని కేక. కృష్ణుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' ఇది. పందొమ్మిదో శతాబ్దం చివర, పాతికేళ్లు నిండకముందే ఆయన రాసిన ఈ నాటకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. వ్యాసభారతంలో ఈ కథ లేదు. అయినా ఈ చాపల మీద కూర్చున్న ఎవరికీ అది లోటుగా తోచదు. భారతంలో ఒకరి ప్రాణం ఒకరిగా బతికిన ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుందన్న ప్రశ్న వాళ్లకు చాలు. నారదుడి సలహాతో గయుడు అర్జునుడి కాళ్ల మీద పడతాడు. శత్రువెవరో అడగకముందే అర్జునుడు అభయమిచ్చేస్తాడు. ఆ పేరు విన్నాక గాండీవం పట్టిన చెయ్యి వణుకుతుంది, కానీ మాట వెనక్కి పోదు.

అమెరికా సూపర్ హీరో సీరియళ్లలో క్రాసోవర్ అని పిలిచేది సరిగ్గా దీన్నే. వేర్వేరు కథల నాయకులు ఒకే లోకంలో బతుకుతుంటారు. ఒక రోజు వాళ్ల దారులు కలుస్తాయి, ఒక్కోసారి ఢీకొంటాయి. సీడబ్ల్యూ ఛానల్‌లో 2012లో 'ఆరో'తో మొదలైన లోకం ఏడేళ్లు పెరిగాక, 2019 డిసెంబరు, 2020 జనవరి నెలల్లో ఐదు సీరియళ్లను కలిపి 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అనే ఒకే కథ నడిపారు. అందులో సూపర్‌మ్యాన్‌గా ఒక నటుడు కాదు, ముగ్గురు కనిపించారు: టైలర్ హెక్లిన్, బ్రాండన్ రౌత్, టామ్ వెల్లింగ్. ఒక్కొక్కరిదీ ఒక్కో భూమి అని కథలో చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ అలాంటి వివరణ అక్కర్లేదు. పన్నెండు దాటింది. శివాలయంలో లింగోద్భవ కాలపు గంటలు మోగాయి. అవి సద్దుమణిగాక కర్టెన్ లేస్తే ద్వారకలో వేరే కృష్ణుడు నిలబడి ఉన్నాడు. గొంతు వేరు, ఎత్తు వేరు. పద్యనాటకాల్లో ఇది పాత పద్ధతి. మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ముందే మాట్లాడుకుంటారు, కరపత్రాల మీద అలాగే వేస్తారు. మనవడు కళ్లు నులుముకున్నాడు.

"మామ్మా, ఇందాకటి కిష్ణుడేడి?"

"మనుసులు మారినారు గానీ కిష్ణుడొక్కడే రా బావూ. సూడు."

వాడు చూశాడు, నమ్మాడు. ఇప్పుడిక పోటీ కూడా మొదలైంది. మొదటివాడి పద్యం బాగుందా, రెండోవాడిదా? బలిజిపేట దగ్గరి వంతరాంలో 1920లో పుట్టిన పీసపాటి నరసింహమూర్తి ఈ ప్రాంతానికి తిరుగులేని కృష్ణుడు. ఆయన 2007లో కన్నుమూశారు. కుర్చీల్లో ఉన్న పెద్దలు కొత్త కృష్ణుణ్ణి ఆయనతోనే పోల్చి చూస్తారు. అందుకే ఇక్కడ నటుడికి అరకొర తయారీతో గడవదు.

మూడు కావస్తోంది. మంచు దిగుతోంది, అయినా ఎవరూ లేవడం లేదు. సుభద్ర నడుమ నిలబడింది. ఇటు అన్న, అటు భర్త. ఆడవాళ్ల వరుసల్లో చీర కొంగులు కళ్ల మీదికి వెళ్లాయి. తర్వాత కృష్ణుడు, అర్జునుడు ఎదురుబడ్డారు. పద్యానికి పద్యం. ఒకరి ఉపకారాన్ని ఒకరు తలుచుకుంటూనే సవాలు చేసుకుంటున్నారు. ఈ ఇద్దరిలో ఎవరి మీదా మీకు కోపం రాదు. ప్రతిజ్ఞ నిలబెట్టుకోవాల్సినవాడు ఒకడు, శరణన్నవాణ్ణి కాపాడాల్సినవాడు ఇంకొకడు. ఇద్దరిదీ న్యాయమే. చివరికి లోకం దగ్ధం కాకుండా దేవతలే అడ్డుపడాలి.

కథానాయకుల్ని కలపడంలో ఉన్న కిటుకంతా ఇదే. ఇద్దర్నీ విడివిడిగా ప్రేమించిన ప్రేక్షకుడు ముందే ఉండాలి. కొట్లాట కోసం కొట్లాట పెడితే నిలవదు. రెండు ధర్మాలు గుద్దుకోవాలి. 'శ్రీరామాంజనేయ యుద్ధం'లోనూ ఇంతే. రాముడు విశ్వామిత్రుడికిచ్చిన మాట ఒకవైపు, హనుమంతుడు యయాతికిచ్చిన అభయం మరోవైపు. 1963లో కె.వి.రెడ్డి 'శ్రీకృష్ణార్జున యుద్ధము' తీసి ఎన్టీఆర్‌ను కృష్ణుడిగా, ఏఎన్నార్‌ను అర్జునుడిగా నిలబెట్టినప్పుడు తెలుగువాళ్లు థియేటర్లకు తీసుకెళ్లిందీ ఈ ప్రేమనే.

ఆ అమెరికా హీరోల లోకానికీ దీనికీ మరో తేడా పెద్దది. సూపర్‌మ్యాన్ డీసీ సొత్తు, స్పైడర్‌మ్యాన్ మార్వెల్ సొత్తు. వాళ్లిద్దరూ ఒకే కథలో కలవాలంటే రెండు కంపెనీలూ ఒప్పందం రాసుకోవాలి. కృష్ణార్జునుల లోకానికి యజమాని లేడు. రాజమండ్రిలో ఒక కుర్రవాడు ఎవరి అనుమతీ అడగకుండా నాటకం రాశాడు. వంశధార ఒడ్డున ఒక పల్లె ఎవరికీ రాయల్టీ కట్టకుండా దాన్ని ఆడించుకుంటోంది.

తెల్లవారింది. మంగళహారతి పాడారు. మనవడు మేలుకునే ఉన్నాడు, అర్జునుడు ఎందుకు తగ్గలేదని మామ్మను అడుగుతున్నాడు. ఆ ప్రశ్న అడిగే పిల్లలు ఉన్నంతకాలం ఈ లోకం బతుకుతుంది, కానీ వాళ్లను అక్కడ కూర్చోబెట్టే బాధ్యత మనది. వచ్చే శివరాత్రికి మీ ఊరి కమిటీ ఏ కార్యక్రమం పెట్టాలని ఆలోచిస్తుంటే పద్యనాటకం పేరు ముందు చెప్పండి. ఇద్దరు కృష్ణులకూ సరైన పారితోషికం ఇవ్వండి. మీ పిల్లల్ని తీసుకొచ్చి ముందు చాప మీద కూర్చోబెట్టండి.