రెండు పిలకల మరపిల్ల

1975 ఆగస్టు 1న మన పల్లెలకు ఆకాశం నుంచి టీవీ దిగింది. అమెరికా వాళ్ళు ఏడాదికి ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ళ గూళ్ళకు కొట్టే ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు, దాని కింద ఒక టీవీ పెట్టె, చుట్టూ ఊరంతా. పొద్దున బడిపిల్లల కోసం, సాయంత్రం పెద్దల కోసం ప్రసారాలు వచ్చేవి. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగానికి 2025 ఆగస్టుతో 50 ఏళ్ళు నిండాయి.

సరిగ్గా 28 ఏళ్ళ తర్వాత, 2003 ఆగస్టు 1న, అమెరికాలో నికలోడియన్ ఛానెల్ ఒక బొమ్మల సీరియల్ మొదలుపెట్టింది. పేరు ‘మై లైఫ్ యాజ్ ఎ టీనేజ్ రోబోట్’. కథానాయిక పేరు జెన్నీ. నీలం, తెలుపు రంగుల ఇనుప ఒళ్ళు, గుండ్రటి కళ్ళు, తల మీద రెండు పిలకలు. ఎగరాలనుకుంటే ఆ పిలకల్లోంచే మంట వస్తుంది. సైట్ గురించి చాలామంది రాస్తారు, రాయాలి కూడా. నాకు మాత్రం జెన్నీ గురించి చెప్పాలని ఉంది. ప్రకాశం జిల్లా ముండ్లమూరు లాంటి ఊళ్ళో బడికి పోవాలని పట్టుబట్టిన ఆడపిల్లల్ని చూసినవాళ్ళకు ఈ మరపిల్ల పరాయిది కాదు.

మరబొమ్మల ఊహ మనకు కొత్తదేం కాదు. పదకొండో శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజరాజు పేరు మీద ‘సమరాంగణ సూత్రధారం’ అనే వాస్తు గ్రంథం ఉంది. అందులో ఒక అధ్యాయమంతా యంత్రాలే. దీపంలో నూనె తగ్గితే తానే పోసే ఆడబొమ్మ, తాళానికి తగ్గట్టు తిరిగే బొమ్మ, నీళ్ళు తాగే ఏనుగు, గుమ్మంలో కాపలా కాసే కొయ్య భటుడు అందులో కనిపిస్తాయి. వీటిని ఎలా బిగించాలో మాత్రం పూర్తిగా చెప్పలేదు. తెలియక కాదు, రహస్యం బయటపడకూడదని చెప్పడం లేదని గ్రంథకర్తే రాసుకున్నాడు.

ఆ భోజుడే కథల్లో ఇంకోచోట ఇంకోరకం బొమ్మల ముందు నిలబడ్డాడు. మట్టిదిబ్బ కింద దొరికిన విక్రమార్కుడి సింహాసనం ఎక్కబోతే, మెట్ల మీది సాలభంజిక నోరు విప్పి ఆగమంది. విక్రమార్కుడి ఔదార్యం గురించి ఒక కథ చెప్పి, అంతటి గుణం నీకుంటే ఎక్కమంది. అలా 32 బొమ్మలు, 32 కథలు. పదిహేనో శతాబ్దంలో కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’గా దీన్ని తెలుగు చేశాడు. శాస్త్రగ్రంథంలో ఆడబొమ్మ పని నూనె పోయడం. కథలో ఆడబొమ్మ రాజునే నిలదీస్తుంది. జెన్నీ పుట్టిల్లు ఎక్కడని నన్నడిగితే ఈ రెండో చోటనే చెబుతాను.

అక్కణ్ణుంచి నాలుగైదు వందల ఏళ్ళు ఒక్క అంగలో దాటాల్సిందే. ఆ కాలమంతటా మన పల్లెల్లో కదిలే బొమ్మలంటే ఎక్కువగా తోలుబొమ్మలే. తెల్లటి పంచె కట్టి, వెనక దీపం పెట్టి, రంగులద్దిన తోలుబొమ్మల్ని దానికి ఆనించి ఆడించేవాళ్ళు. మెడ, భుజం, మోచెయ్యి దగ్గర కీళ్ళు ఉంటాయి కాబట్టి ఒక్కో చెయ్యి విడిగా ఆడుతుంది. కాలి కింద చెక్క టకటకలాడిందంటే యుద్ధం మొదలైనట్టే. తెల్లవార్లూ రామాయణమే నడిచినా, మధ్యమధ్యలో బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు వచ్చి జనాన్ని నిద్రపోనిచ్చేవాళ్ళు కాదు. సీతమ్మ తెర మీద కన్నీళ్ళు పెడుతుంటే బంగారక్క మొగుణ్ణి దులిపేస్తూ ఉంటుంది. తెర మీద ఎదురు మాట్లాడిన ఆడబొమ్మ మనకు అప్పటికే ఉంది.

బొమ్మలు సినిమాలోకి ఎలా వచ్చాయో చెప్పాలంటే ముందు పలకల ఊరు మార్కాపురం వెళ్ళాలి. ముండ్లమూరు పిల్లలకు పలకంటే మార్కాపురం పలకే. నేలలోంచి పొరలు పొరలుగా తీసిన నల్లరాయిని పలచగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ కొయ్యచట్రం బిగిస్తే పలక. ఎన్ని రాష్ట్రాల పిల్లలు ఆ రాతి మీద అక్షరాలు దిద్దారో! బొమ్మల సినిమా కూడా ఇలాంటి నల్లటి పలక మీదే పుట్టిందని మన పిల్లలకు చెప్పాలి. 1906లో అమెరికాలో జె. స్టూవర్ట్ బ్లాక్టన్ అనే ఆయన నల్లబల్ల మీద సుద్దతో మొహాలు గీసి, కొంచెం చెరిపి, మళ్ళీ గీసి, ఒక్కో మార్పునూ కెమెరాతో పట్టాడు. ఆడించి చూస్తే గీసిన మొహం కళ్ళు తిప్పింది, నవ్వింది. రెండేళ్ళకు ఫ్రాన్సులో ఎమిల్ కోల్ ‘ఫాంటస్మగోరీ’ తీశాడు. ఆయన తెల్లకాగితం మీద నల్లగీతలే గీశాడు. కానీ నల్లపలక మీద సుద్దగీతల్లా కనపడాలని సినిమాను నెగటివ్‌లో చూపించాడు. బలపంతో పిల్లి బొమ్మ గీసి, తోక చెరిపి ఇంకోవైపు తిప్పి గీసిన ప్రతి మార్కాపురం పిల్లా వాళ్ళు చేసిన పనే చేసింది. కెమెరా ఒక్కటే తక్కువ.

తర్వాతి మరమనుషుల చరిత్రను గబగబా చెప్పేస్తాను. 1921లో ప్రాగ్‌లో కారెల్ చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’ ప్రదర్శనతో లోకానికి రోబో పరిచయమైంది. 1927లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘మెట్రోపొలిస్’లో మరియా మొహం తొడుక్కున్న యంత్రస్త్రీ కార్మికుల్ని రెచ్చగొట్టి నాశనం తెస్తుంది. చివరికి ఆమెను మంటల్లో కాలుస్తారు. 1962లో ‘జెట్సన్స్’ కార్టూన్‌లో రోజీ వచ్చింది. నడుముకు ఏప్రన్ కట్టుకున్న పనిమనిషి ఆమె. 1985లో మొదలైన ‘స్మాల్ వండర్’లో విక్కీ అనే మరపిల్ల ఉండేది. హిందీలో డబ్ అయి మన కేబుల్లోకీ వచ్చింది. ఆ ఇంటి అబ్బాయి గదిలోని బీరువాలో ఉండేది, చెప్పింది చెప్పినట్టు చేసేది. 2003లోనే స్టార్ ప్లస్ దాన్ని ‘కరిష్మా కా కరిష్మా’గా హిందీలో మళ్ళీ తీసింది. వీళ్ళంతా అయితే చెడ్డవాళ్ళు, లేకపోతే చెప్పిన మాట వినేవాళ్ళు. నాకేం కావాలి అన్నవాళ్ళు వీళ్ళలో లేరు.

జెన్నీ ఆ మాట అంది.

ఆమెను సృష్టించిన రాబ్ రెంజెట్టి అంతకుముందు ‘డెక్స్‌టర్స్ ల్యాబొరేటరీ’, ‘పవర్‌పఫ్ గర్ల్స్’కు పనిచేశాడు. 1999 డిసెంబర్‌లో ‘ఓ యా! కార్టూన్స్’ కార్యక్రమంలో ‘మై నైబర్ వాజ్ ఎ టీనేజ్ రోబోట్’ అనే చిన్న బొమ్మల సినిమా చూపించాడు. పక్కింట్లో ఉండే అమ్మాయి రోబో అని అందులో కథ. నాలుగేళ్ళ తర్వాత అదే సీరియల్ అయినప్పుడు పేరు మారింది, దాంతో కథ చెప్పే చోటూ మారింది. పక్కింటివాడి కథ పోయి, ఆమె సొంత బతుకు కథ అయింది. నాకు ఈ మార్పు చాలా ఇష్టం.

డాక్టర్ నోరా వేక్‌మన్ అనే ముసలి శాస్త్రవేత్త భూమిని కాపాడటానికి యంత్రాలు తయారు చేస్తుంటుంది. ఆమె చేసినవాటిలో తొమ్మిదోది ఎక్స్‌జే-9. దానికి టీనేజీ పిల్ల మనసు కూడా పెట్టింది. మనసంటూ ఉన్నాక పేరు లేకుండా ఎలా? ఎక్స్‌జే-9 తనకు తానే జెన్నీ అని పేరు పెట్టుకుంది. బడికి పోతానంది, పక్కింటి బ్రాడ్‌తో, వాడి తమ్ముడు టక్‌తో స్నేహం చేస్తానంది. ఉల్కలు మీద పడుతుంటే ఆపడం, రాక్షసులతో కొట్లాడటం ఎలాగూ తప్పదు. కానీ అమ్మ పిలిచిన ప్రతిసారీ ఆటా పాటా వదిలేసి పరిగెత్తాలంటే ఏ పిల్లకు మాత్రం ఓపిక ఉంటుంది? ఇంట్లో పెద్దవాళ్ళకు బాగాలేకపోతే బడి మానేది, మిరపకోతలప్పుడు బడి మానేది ముందు ఆడపిల్లే అయిన ప్రాంతంలో ఈ గొడవ ఎవరికైనా అర్థమవుతుంది.

ఎనిమిది మంది అక్కల కథ ఇందులో ఉంది. ఎక్స్‌జే-1 నుంచి ఎక్స్‌జే-8 దాకా అమ్మ ముందు చేసి పక్కన పెట్టేసిన నమూనాలు వాళ్ళు. ఒకళ్ళు పసిపిల్ల అంత, ఇంకొకళ్ళు కొండంత. జెన్నీకి వాళ్ళ సంగతి తెలిసి నిద్రలేపుతుంది. వాళ్ళు లోకంలో ఇమడలేక నానా రభసా చేస్తారు. అమెరికాలో పిల్లలు దీన్ని నవ్వుతూ చూసి ఉంటారు. మనవైపు ఇంటికి ఆఖరి ఆడపిల్ల ఒక్కతే కాలేజీకి పోయి, పైవాళ్ళంతా పొలానికో పెళ్ళికో పోయిన కుటుంబాలు ఎన్ని లేవు! ఆఖరిదానికి దొరికిన చదువులో అక్కల వాటా ఎంతుందో చెప్పే కథలాగే నేను దాన్ని చూశాను.

ఇంకో కథలో అందరిలా కనిపించాలని మనిషిచర్మం లాంటి తొడుగు వేసుకుంటుంది. ఇంకో కథలో నిద్రలో కలలు రావడం లేదని బాధపడి, కలలు కనే చిప్ పెట్టించుకుని, పగలు కూడా కలలు కంటుంది. మరో కథలో మాట్లాడే యంత్రం చెడి జపనీస్ తప్ప ఇంకేదీ రాదు. తెలిసిన ఊళ్ళోనే తన మాట ఎవరికీ అర్థంకాక అల్లాడుతుంది. జెన్నీకి గొంతు ఇచ్చిన జానిస్ కవాయే ఆ గందరగోళాన్ని గొంతుతోనే పలికించింది. శత్రువు వెక్సస్ రాణికి గాయని ఎర్తా కిట్ గొంతు ఇచ్చింది. మరమనుషుల రాజ్యాన్ని ఏలే ఆ రాణి జెన్నీని తనవైపు తిప్పుకోవాలని చూస్తూనే ఉంటుంది. మనుషుల్లో ఉంటే నువ్వు వింతవే, మాలో ఉంటే మాదానివి అంటుంది. 2005లో వచ్చిన ‘ఎస్కేప్ ఫ్రమ్ క్లస్టర్ ప్రైమ్’లో జెన్నీ నిజంగానే ఆ రాణి ఏలే గ్రహం చేరుతుంది. తీరా చూస్తే అక్కడ తనను లోకశత్రువుగా చూస్తున్నారు. ఇంటా బయటా చోటు లేని పిల్ల బాధను ఇంత సూటిగా చెప్పిన పిల్లల బొమ్మ నేను ఇంకోటి చూడలేదు.

చూడటానికీ అది అందమైన బొమ్మ. 1930ల నాటి భవనాలు, రేడియోలు, పోస్టర్లు ఎలా ఉండేవో ఆ గీతల్లో కనిపిస్తుంది. భవిష్యత్తును పాతకాలపు కళ్ళతో చూసినట్టు ఉంటుంది. కథలు, ముఖ్యమైన గీతలు అమెరికాలో, కదలికలు గీసే పని ఎక్కువగా కొరియాలో జరిగింది. మొత్తం మూడు సీజన్లు, 40 ఎపిసోడ్లు. మూడో సీజన్‌ను అమెరికాలో ఏళ్ళ తరబడి ఆపేసి, 2008–09లో నిక్‌టూన్స్ అనే పక్క ఛానెల్లో వేసి ముగించారు. ఇంకో సీజన్ రాలేదు. రావాల్సింది.

ఆ 2008లోనే మనవైపు కథ ఊపందుకుంది. రాజీవ్ చిలకా 2001లో హైదరాబాద్‌లో పెట్టిన గ్రీన్ గోల్డ్ స్టూడియో నుంచి ‘ఛోటా భీమ్’ పోగో ఛానెల్లోకి వచ్చాడు. 2019లో ‘మైటీ లిటిల్ భీమ్’ నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్ళాడు. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ హైదరాబాద్‌లోనే ‘జంగిల్ బుక్’ చేసింది, ‘ఐరన్ మ్యాన్’ కార్టూన్‌కు పనిచేసింది. కొరియా వాళ్ళు జెన్నీకి చేసిన పని ఇప్పుడు మన పిల్లలు చేయగలరు, చేస్తున్నారు. కానీ భీమ్ ఊరు ఢోలక్‌పూర్‌లో అతని స్నేహితురాలు చుట్కీ ఇంకా భీమ్‌కు లడ్డూలు అందిస్తూనే ఉంది. కథ మధ్యలో ఆమె నిలబడే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

మరోవైపు నిజం యంత్రాలు వచ్చేస్తున్నాయి. 2020 జనవరిలో ఇస్రో బెంగళూరులో వ్యోమమిత్రను చూపించింది. గగన్‌యాన్‌లో మనుషులకంటే ముందు ఎగరాల్సిన మరమహిళ ఆమె. కాళ్ళు లేవు, నడుము పైభాగమే. మీటలు నొక్కుతుంది, ప్రమాదాలు చెబుతుంది, హిందీలో, ఇంగ్లీషులో బదులిస్తుంది. ఆమె బయలుదేరేది మన తీరాన ఉన్న శ్రీహరికోట నుంచే.

అలాంటి యంత్రాలు చేసే చదువూ మనకు దగ్గరికొచ్చింది. 2016లో ఒంగోలు ట్రిపుల్ ఐటీ వచ్చాక, పదో తరగతి అయిన పల్లె ఆడపిల్లలు పదహారేళ్ళకే పెట్టె సర్దుకుని హాస్టల్‌కు పోతున్నారు. బస్టాండులో సాగనంపే అమ్మ ఇంటికి రమ్మని వారం వారం ఫోన్ చేస్తుంది, పిల్ల పరీక్షలున్నాయమ్మా అంటుంది. ముండ్లమూరులో మొదలై ఒంగోలు హాస్టల్లో నడిచే సీరియల్ ఒకటి తీయమని హైదరాబాద్ స్టూడియోలను అడుగుతున్నాను. కథానాయిక ఇనుపదైనా సరే, తెలుగు మాట్లాడాలి, రెండు జడలు ఉండాలి, అమ్మతో గొడవ పడాలి.