తూర్పు కనుమల గిరిజన గ్రామాల్లో తగవు పద్ధతి

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో బగత, కొండదొర, కోందు, పోర్జ, గదబ తెగలవారు ఊరి తగవు ఊళ్ళోనే తీర్చుకునే పద్ధతి పోలీసు ఠాణాలకంటే చాలా పాతది. ఊరిపెద్ద నాయుడు. కబురు మోసేవాడు బారిక. పెద్దలు కూర్చుని ఇరుపక్షాల మాటా వింటారు. తప్పు తేలినవాడు తప్పు కడతాడు. అది డబ్బు కావచ్చు, మేక కావచ్చు, కల్లు కావచ్చు. పెళ్ళైన స్త్రీ మరొకరితో వెళ్ళిపోతే కొత్త భర్త మొదటి భర్తకు, అతను పెళ్ళికి ఇచ్చిన ఓలి తిరిగిస్తాడు. ఆ తర్వాత ఇరువర్గాలూ కలిసి తింటేనే తగవు తెగినట్టు. మాట వినని వాణ్ణి వెలివేస్తారు. పోడు కొట్టడానికీ, ఇల్లు కప్పడానికీ, పీనుగ మోయడానికీ పదిమంది కావలసిన చోట జైలుకంటే వెలికే ఎక్కువ భయపడతారు.

అలాగని ఇక్కడ పైఅధికారమే లేదనలేం. కొన్ని ఊళ్ళు కలిస్తే ఒక ముఠా. ముఠా పెద్ద అయిన ముఠాదారు మాడుగుల, జయపురం వంటి జమీందార్లకు కట్టుబడి శిస్తు చెల్లించేవాడు. అయినా ఊరి తగవు చాలావరకు ఊరిదిగానే ఉండిపోయింది.

1839 చట్టంతో విశాఖపట్నం, గంజాం కొండలను ఈస్టిండియా కంపెనీ మామూలు కోర్టుల నుంచి తప్పించి ప్రభుత్వ ఏజెంటు కింద పెట్టింది. ఆ చట్టం కిందికి రాని గోదావరి జిల్లా రంపలో మైదానపు వర్తకులు కొండవాళ్ళతో ఒప్పందాలు రాయించుకుని, వాళ్ళు కోర్టుకు రాలేదని ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకునేవారు. పశువులు, పంట ఆ డిక్రీల కిందే పోయేవి. దానికి తోడు ఇంటి అవసరానికి గీసుకునే కల్లును కూడా అబ్కారీ గుత్తదారు చేతిలో పెట్టారు. 1879 మార్చిలో రంప తిరగబడింది. మంటలు గొలుగొండ కొండలకూ, రేకపల్లికీ పాకాయి. ఈ కొండల్లో శాంతి చెడటానికి పెద్ద కారణం ప్రభుత్వం లేకపోవడం కాదు, వచ్చిన ప్రభుత్వం ఆ ఊళ్ళ నోటిమాటకు విలువ ఇవ్వకపోవడం. 1922-24 తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర నిలబడటం వెనుకా అడవి ఆంక్షలు, రోడ్ల వెట్టి ఉన్నాయి.

పెద్దల పంచాయతీకి లోపాలు లేకపోలేదు, వాటిని దాచడం ఆ ప్రజలకు మేలు చేయదు. స్త్రీల మాటకు అక్కడ చోటు తక్కువ. చిల్లంగి (చేతబడి) అనుమానంతో జరిగిన హత్యలను అది ఆపలేకపోయింది.

1969లో ముఠాలు రద్దయ్యాయి. సంప్రదాయ పద్ధతిలో తగవులు తీర్చుకునే విధానాన్ని కాపాడుకునే అర్హత గ్రామసభకు ఉందని, పంచాయతీలను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 పెసా చట్టం గుర్తించింది. దానికి అనుగుణంగా ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 1998లో వచ్చింది, నిబంధనలు 2011లో గాని రాలేదు.