సంతకం నీదే

ఐదు కాకముందే అండమాన్ దీవుల్లోని డాలీగంజ్‌లో తెల్లారిపోతుంది. రేకుల మీద వాన ఇంకా ఆగలేదు, పాప ఇంకా లేవలేదు. నిన్న ఆశా దీదీ డబ్బులడక్కుండా ఇచ్చిన ‘నిశ్చయ్’ కిట్టు బాత్రూం గట్టు మీద పెట్టావు. పొద్దుటి మూత్రం రెండు మూడు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగమంది. ఆ ఐదు నిమిషాలూ గోడ వైపు చూస్తూ నిలబడ్డావు. తిరిగి చూస్తే రెండు గీతలు. రెండోది పలచగా ఉంది. పలచగా ఉన్నా అది అవునన్న జవాబే.

పాపకి ఎనిమిది నెలలు. ఆపరేషన్ చేసి తీశారు, కుట్లు చలికి ఇప్పటికీ సలుపుతాయి. పాలిచ్చినన్నాళ్ళూ నెల నిలవదని మీ అత్త శ్రీకాకుళం నుంచి ఫోన్లో చెప్పింది, నువ్వు నమ్మావు. ఆవిడ చెప్పింది సగమే నిజం. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, ఈలోగా ఒక్కసారి కూడా బయట చేరకూడదు. ఈ మూడూ కలిసి ఉన్నన్నాళ్ళే ఆ కాపుదల. నువ్వు ఆరో నెల నిండగానే ఉగ్గు మొదలుపెట్టావు. ఆ నెలలోనే బయట కూడా చేరావు.

ఆయన చేపల వేటకెళ్ళి నాలుగు రోజులైంది. ఫోన్ కలవడం లేదు. తడిక అవతలి నుంచి అప్ప పిలుస్తోంది.

“ఒలే, ఏటైందే? మొకం అలాగున్నాదేటి?”

“నెల నిలిచింది అప్పా.”

అప్ప చేతిలో చీపురు కింద పెట్టేసి వచ్చి నీ పక్కన కూర్చుంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు తగ్గించి, “మందుల సాపులో మాత్రలమ్ముతారంట. మా తోడికోడలు అలాగే తెప్పించుకున్నాది” అంది.

ఆ మాట అప్ప ఒక్కతే అనే మాట కాదు. 2015లో మన దేశంలో కోటీ 56 లక్షల గర్భస్రావాలు జరిగాయనీ, వాటిలో కోటీ 15 లక్షలు ఏ ఆసుపత్రి గడపా తొక్కకుండా మాత్రలతోనే జరిగాయనీ ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ మాత్రలు మంచివే, లోకమంతా వాడేవే. కానీ కడుపు గర్భసంచిలో ఉందా, బయట గొట్టంలో ఉందా అన్నది మాత్రకి తెలియదు. గొట్టంలో ఉంటే అది పనిచేయదు సరికదా, రక్తం కనిపించగానే అంతా అయిపోయిందని నువ్వు నమ్ముతావు. లోపల గొట్టం పగిలేదాకా తెలియదు. మందుల షాపు బల్ల మీద నీకు స్కాన్ తీసేవాళ్ళుండరు.

“ముందు ఆసుపత్రికెళ్తాను” అన్నావు. పాపని అప్ప ఎత్తుకుంది.

డాలీగంజ్ జంక్షన్లో బస్సు దొరికింది. విమానాశ్రయం దాటి, వానలో తడిసిన బజారు మీదుగా అబర్దీన్ చేరావు. అక్కడి నుంచి ఎత్తు ఎక్కితే అట్లాంటా పాయింట్, సెల్యులార్ జైలు పక్కనే జి.బి. పంత్ ఆసుపత్రి. ఓపీ చీటీ రాయించుకుని గోడవారగా బెంచీ మీద కూర్చున్నావు. గొడుగుల నీళ్ళు నేలంతా మడుగు కట్టాయి. పక్కన ఒక అమ్మాయి, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, చున్నీ ముఖం మీదికి లాక్కుని ఒంటరిగా కూర్చుంది. మెళ్ళో ఏమీ లేదు. ఆమె చేతిలోనూ నీ చీటీ లాంటి చీటీయే.

డాక్టరమ్మ హిందీలో అడిగింది, “ఆఖరీ మహీనా కబ్ ఆయా థా?”

కిందటిసారి బయట చేరిన తారీఖు నీకు గుర్తులేదు. వేటకెళ్ళే ఇంటి మనిషివి, ఆటుపోట్లు గుర్తు. “మొన్నటి అమావాస్య కాదు, అంతకుముందు అమావాస్య నాడు.” పక్కనున్న సిస్టర్ చటుక్కున తలెత్తింది. తెలుగు మనిషే. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు, ఏ ఆఫీసులోనైనా ఒకరు తగులుతారు. గోడ మీది క్యాలెండర్ వెనక్కి తిప్పి లెక్క కట్టింది. ఇవాళ పున్నమి. నలభై నాలుగు రోజులు. “ఆరు వారాల రెండు రోజులమ్మా” అంది.

నువ్వు ఉలిక్కిపడ్డావు. రావలసిన రోజు దాటి రెండు వారాలే కదా, రెండు వారాల కడుపే అనుకున్నావు. డాక్టర్ల లెక్క కిందటిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి మొదలవుతుంది, ఎందుకంటే ఏ ఆడమనిషైనా చెప్పగలిగిన రోజు అదొక్కటే. చాలామంది ఈ లెక్క దగ్గరే తప్పిపోతారు. నెల తప్పిందని గమనించేసరికే నాలుగు వారాలు ఖర్చయి ఉంటాయి.

స్కానింగ్ గదిలో జెల్ చల్లగా తగిలింది. తెర మీద నల్లటి చిన్న సంచి. గర్భసంచి లోపలే ఉంది, గొట్టంలో కాదు. పాత కుట్ల మచ్చ మీద కూడా కాదు. ఆపరేషన్ అయినవాళ్ళలో అరుదుగా ఆ మచ్చలోనే పాతుకుంటుంది, అందుకే డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చూసింది. ఆడా మగా అన్న మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తకూడదు కూడా. 1994 చట్టం ప్రకారం అది నేరం. రక్తం తీసి హిమోగ్లోబిన్, గ్రూపు చూశారు. గ్రూపు నెగెటివ్ అయితే ఆ సంగతి డాక్టరుకి ముందే తెలియాలి.

ఆ తర్వాత సిస్టర్ నిన్ను తెర వెనక స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆవిడ తొందరపడలేదు.

“ఉంచుకుంటానంటే ఇవాళే కార్డు రాస్తాను. పన్నెండు వారాల్లోపు పేరు రాయించుకుంటే నీకే మంచిది. ఫోలిక్ యాసిడ్ ఇక్కడే ఇస్తారు. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున పెద్ద డాక్టరు ఉచితంగా చూస్తారు. కుట్లు పడి ఏడాది కాలేదు కాబట్టి నిన్ను మరింత కనిపెట్టుకుని ఉంటాం. కని, పెంచలేనంటే శిశు సంక్షేమ కమిటీ ఉంది. అక్కడ రాసిచ్చాక కూడా అరవై రోజులు గడువుంటుంది, ఈలోగా మనసు మారితే బిడ్డని తెచ్చుకోవచ్చు. నీ పేరు బయటికి రాదు. వద్దంటే, తొమ్మిది వారాల్లోపు కాబట్టి మాత్రలు సరిపోతాయి. అది దాటితే పన్నెండు వారాలదాకా చేత్తో వాడే చిన్న పంపుతో తీస్తారు, పావుగంట పని.”

“ఆయన సంతకం కావాలా?”

ఈ ప్రశ్న ఆవిడ ఎన్నిసార్లు విందో గాని, విసుక్కోలేదు. “నీకు పద్దెనిమిది నిండాయి. ఫారం-సి మీద నీ సంతకం ఒక్కటే చాలు. మొగుడిదీ అక్కర్లేదు, అత్తదీ అక్కర్లేదు.”

1971లో గర్భస్రావ చట్టం వచ్చిన నాటి నుంచీ ఉన్న మాట ఇది. యాభై ఏళ్ళు దాటినా మన ఇళ్ళలోకి చేరలేదు. ఆడవాళ్ళు మొగుడి రాక కోసం, అత్త ఒప్పుదల కోసం వారాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. 2021 సవరణ తర్వాత ఇరవై వారాలదాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాలదాకా ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ చట్టం పేర్కొన్న కారణాలకే. అది కూడా దాటితే బిడ్డకి తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. నీ వివరాలు బయటపెట్టినవాళ్ళకి ఏడాదిదాకా జైలు పడొచ్చు.

తెర సందులోంచి చున్నీ అమ్మాయి కనిపించింది. పెళ్ళి కానివాళ్ళకి ఇవన్నీ ఉంటాయా అని నువ్వే అడిగావు, ఆమెకి వినపడేలా. ఉంటాయి. వాడిన సాధనం విఫలమైతే అన్నచోట 2021 చట్టం ‘భర్త’ అన్న మాట తీసేసి ‘భాగస్వామి’ అని రాసింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇరవై నాలుగు వారాల విషయంలోనూ పెళ్ళైనవాళ్ళకీ కానివాళ్ళకీ తేడా చూపకూడదంది. ఢిల్లీలో ఉంటున్న ఇరవై అయిదేళ్ళ పెళ్ళికాని అమ్మాయి వేసిన కేసది. పద్దెనిమిది నిండనివాళ్ళకి మాత్రం సంరక్షకుల సంతకం కావాలి. పోలీసులకి చెప్పవలసి వచ్చినా, పిల్లా, సంరక్షకులూ కోరితే పేరు చెప్పనక్కర్లేదని అదే తీర్పులో ఉంది. చున్నీ అమ్మాయి ముఖం మీద గుడ్డ కాస్త వెనక్కి జరిగింది.

“అరవై మూడు రోజులదాకా మాత్రలకి వీలుంది. నీకింకా పంతొమ్మిది రోజులున్నాయి” అంది సిస్టర్. “రెండ్రోజులు ఆలోచించుకుని రా.”

మర్నాడు సాయంత్రం జంగ్లీఘాట్‌లో పడవ ఆగింది. ఆయన చేపల వాసనతో ఇంటికొచ్చి, చెప్పింది విని, చాలాసేపు పాప పాదాలు నిమురుతూ కూర్చున్నాడు. “అమ్మని ఓ మాటడగనా?” అన్నాడు. “వద్దు” అన్నావు. “నీకేటనిపిస్తున్నాది?” అన్నాడు అప్పుడు. అడగవలసిన ప్రశ్న అది. రాత్రంతా మాట్లాడుకున్నారు. కుట్లు, పాప పాలు, ఇంటి అద్దె, చలికి నీ నడుము. ఇప్పుడు వద్దని నువ్వే అన్నావు.

సంతకం పెట్టిన రోజు సిస్టర్ ఎదుటే మొదటి మాత్ర మింగించారు, మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు. మూడో రోజుకి మిసోప్రోస్టాల్ నాలుగు మాత్రలు, ఎలా వాడాలో చూపించి మరీ ఇచ్చారు. పాపకి పాలివ్వడం గురించి అడిగావు, జాగ్రత్తలు చెప్పారు. చీటీ వెనక రాసిచ్చినవి అప్పకి చదివి వినిపించావు: గంటకి రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున రెండు గంటలపాటు తడిసినా, జ్వరం ఒక రోజు దాటినా, చెడు వాసన వచ్చినా, ఒకవైపే పోటు వచ్చినా, కళ్ళు తిరిగి పడినా ఆ నిమిషమే బయల్దేరాలి.

డాలీగంజ్ నుంచి ఆటోలో ఆసుపత్రి ఎంతసేపు. గ్రేట్ నికోబార్‌లో క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చే మనిషికి ఇది వేరే లెక్క. ఓడ మీద ఒక రోజుకి పైనే ప్రయాణం, వాతావరణం బాగోకపోతే అదీ ఉండదు. అలాంటివాళ్ళు అంతా అయ్యి, మళ్ళీ చూపించుకునేదాకా ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే ఎవరింట్లోనైనా ఉండే ఏర్పాటు చేసుకోవాలి. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకి ఈ దీవుల్లో సగం జవాబు ఇల్లు ఎంత దూరమన్నదే.

మూడో రోజు పొద్దున్న ఆయన వేటకెళ్ళలేదు. పొత్తికడుపు మెలిపెట్టింది, మధ్యాహ్నానికి నెలసరి కంటే ఎక్కువే పోయింది. నొప్పి మాత్ర వేసుకున్నావు. అప్ప వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి ఇచ్చింది, గంజి కాచింది. సాయంత్రానికి నొప్పి తగ్గింది. మరకలు ఇంకో పది రోజులు కనిపించాయి, అది మామూలేనని ముందే చెప్పారు.

పదిహేనో రోజున మళ్ళీ చూపించుకోమన్నారు, వెళ్ళావు. అంతా పోయిందన్నారు. ఈసారి సిస్టర్ చెప్పేదాకా ఆగకుండా నువ్వే అడిగావు. కాపర్-టీ ఉంది, మూడు నెలలకోసారి ‘అంతరా’ సూది ఉంది, ‘ఛాయా’ మాత్ర ఉంది, ఏదైనా ఇక్కడ ఉచితమే. ఛాయాలో హార్మోను లేదు, పాలిచ్చే తల్లి వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నువ్వు ఛాయా అన్నావు. ఏయే రోజులు వేసుకోవాలో సిస్టర్ పట్టీ మీద పెన్నుతో గుర్తులు పెట్టి ఇచ్చింది, బుధవారం, ఆదివారం.