హట్టి గనిలో రాతి పరీక్ష: మూతపడిన రీఫులు మళ్ళీ తెరుచుకున్న వైనం

కృష్ణా తుంగభద్రల నడుమ విస్తరించిన రాయచూరు అంతర్వేదిలో, లింగసుగూరు తాలూకాకు చెందిన హట్టి, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా హైదరాబాదు ఏలుబడిలో ఉన్న ఊరు. అక్కడి బంగారు గని మూడు వేర్వేరు యుగాల్లో తెరుచుకుని రెండుసార్లు మూతపడింది. మూతపడిన రెండుసార్లూ భూమిలో బంగారం మిగిలే ఉంది. ఏ రాతిలో ఎంత ఉందో, దాన్ని తీయడానికయ్యే ఖర్చును అది భరించగలదో లేదో తేల్చి చెప్పే కొలత మీదనే ఆ గని బతుకు ఆధారపడింది. గనుల చరిత్రలు రాసేవారు షాఫ్టుల లోతును, కంపెనీల వాటాలను, దొరల పేర్లను చెప్పినంత వివరంగా ఈ కొలత గురించి చెప్పరు. హట్టి విషయంలో అసలు కథ మాత్రం అక్కడే ఉంది.

మొదటి యుగపు గనికారులు ఎవరో పేర్లు తెలియవు గాని, వారి పనితనం మాత్రం రాతిలో నిలిచి ఉంది. రాతిముఖం దగ్గర కట్టెలు పేర్చి మంటపెట్టి, బాగా కాగిన రాయిని నీటితో చల్లార్చి, పగుళ్ళిచ్చిన చోట ఇనుప పనిముట్లతో విడదీసే పద్ధతిలో వారు దాదాపు 640 అడుగుల లోతుకు దిగారు. ఆ పాత తవ్వకాల్లో దొరికిన కొయ్యను రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షించినప్పుడు అది సుమారు రెండు వేల ఏళ్ళ నాటిదని తేలింది. చుట్టుపక్కల బండల మీద నేటికీ కనిపించే నున్నటి గుంటలు, పైకి తెచ్చిన పలుగురాయిని పొడిచేసిన రోళ్ళ వంటివి. అలా నూరిన పొడిని నీటిలో కడిగితే తేలిక రాయి కొట్టుకుపోయి, బరువైన బంగారు రేణువులు అడుగున నిలుస్తాయి. ఈ కడుగుడు బంగారాన్ని రాబట్టే ఉపాయమూ, ఏ వైపు తవ్వాలో చెప్పే పరీక్షా కూడా అయి ఉండాలి, ఎందుకంటే పాత తవ్వకాలు రాతి పట్టీ పొడుగునా సమానంగా సాగక, గొప్ప రాయి ఉన్న చోట లోతుకు దిగి, పేలవమైన చోట ఆగిపోయాయి.

రెండో యుగం 19వ శతాబ్ది చివరిది. నిజాం రాజ్యంలో ఖనిజాల తవ్వకానికి 1886లో హక్కులు పొందిన హైదరాబాదు (డెక్కన్) కంపెనీ, తెలుగువారికి ఇల్లందు, సింగరేణి బొగ్గు ద్వారా ఎరుకైన సంస్థే. ఆ హక్కుల నీడలోనే హట్టిలోనూ ఆధునిక తవ్వకం మొదలై, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1920 నాటికి ఆగిపోయింది. ఇక్కడ ఒక పక్క మాట చెప్పక తప్పదు: ఇదే శిలాపట్టీలోని మస్కిలో, అశోకుణ్ణి పేరుపెట్టి పేర్కొన్న శాసనాన్ని 1915లో కనిపెట్టినవాడు బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు. రాతిని ఓపికగా చూడడం అలవాటైన కంటికే ఆ అక్షరాలు దొరకడం కేవలం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

1931లో బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని విడిచిపెట్టింది. 1934లో అమెరికా ఔన్సు బంగారం ధరను 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచింది. దానితో నిన్నటిదాకా గిట్టుబాటు కాని రాయి గిట్టుబాటయ్యే ఖనిజంగా మారి, ప్రపంచమంతటా పాత గనుల మీదికి చూపు మళ్ళింది. రాయచూరు ప్రాంతపు ప్రాచీన తవ్వకాలను పరిశీలించి నమోదు చేసిన హైదరాబాదు భూగర్భ సర్వే అధికారి కెప్టెన్ లియొనార్డ్ మన్ కృషి వెనుక ఉండగా, 1930ల చివర నిజాం ప్రభుత్వం హట్టి మీద మళ్ళీ అన్వేషణకు పూనుకుంది. మూతపడిన గనిని తెరవడమంటే ముందుగా ఏళ్ళ తరబడి నిండిన నీటిని తోడి, కుళ్ళిన దుంగలను మార్చి, గాలి ఆడే దారి చేయాలి. ఆ తరువాత వచ్చేదే అసలు ప్రశ్న: పాత కంపెనీ వదిలిపోయిన గోడల్లో ఏమి మిగిలింది?

ఆ ప్రశ్నకు సమాధానం రాబట్టడానికి ఆనాటి గనుల్లో స్థిరపడిన పద్ధతి గాడి నమూనా. రీఫు, అంటే బంగారాన్ని మోసే పలుగురాతి పట్టీ, వెంబడి సాగే సొరంగాన్ని డ్రైవ్ అంటారు. అందులో సుమారు ఐదేసి అడుగులకు ఒక చోట గుర్తుపెట్టి, ముందుగా గోడను నీటితో, తీగ బ్రష్షుతో శుభ్రంగా కడుగుతారు. ఏళ్ళనాటి బురదలోనో పొక్కులోనో బంగారు ధూళి చిక్కుకుని ఉంటే లెక్క మొత్తం తప్పిపోతుంది. కింద కాన్వాసు గుడ్డ పరిచి, ఒకరు మొనదేలిన ఉలిని పట్టి సుత్తితో కొడుతూ, రీఫు వాలుకు అడ్డంగా నాలుగంగుళాల వెడల్పు, అంగుళం లోతు గల గాడిని ఒక అంచు నుంచి మరో అంచు దాకా చెక్కుతారు. రాలిన ప్రతి పలుకునూ గుడ్డసంచిలోకి ఎత్తి, సంఖ్య వేసిన చీటీ లోపల పెట్టి మూతి కడతారు. పక్కరాతిని వేరే సంచిలో వేస్తారు. ఒక మీటరు గాడి నుంచి దాదాపు ఆరేడు కిలోల రాయి వస్తుంది.

చూడడానికి ఇది కూలిపనిలా కనిపిస్తుంది గాని, ఇందులో చేతికి నిజాయితీ ఉండాలి. హట్టి రీఫుల్లో బంగారంతోపాటు ఉండే ఆర్సెనోపైరైట్ వంటి గంధక ఖనిజాలు పెళుసైనవి. అవి ఉలి తగలగానే ఎక్కువగా రాలితే, గట్టి పలుగురాయి మొండికేసి తక్కువగా రాలుతుంది. బంగారం సాధారణంగా ఆ పెళుసు ఖనిజాల పొత్తులో ఉంటుంది కనుక, గాడి సమానంగా పడకపోతే రాయి ఉన్నదానికంటే గొప్పదిగా తేలుతుంది. చెమట కక్కుతూ, దీపపు వెలుగులో, కఠినమైన రాతిని కూడా అంతే లోతుకు చెక్కిన మనిషి కష్టం ఏ వార్షిక నివేదికలోనూ కనిపించదు. అతడు అలసి ఆ చోట చేయి తేలిక చేసి ఉంటే మాత్రం ఆ తప్పు లక్షల రూపాయల పెట్టుబడిలో కనిపించేది.

సంచి పైకి వచ్చాక రాయిని దవడల మరలో నలిపి, కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను ఉంచుకుంటూ తగ్గించుకుంటూ పోయి, చివరకు ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరుతారు. అందులో సుమారు 30 గ్రాములను తూచి, సీసపు ఆక్సైడైన లిథార్జి, సోడా, వెలిగారం, కొద్దిగా గోధుమపిండి కలిపి మట్టి మూసలో కరిగిస్తారు. పిండిలోని కర్బనం లిథార్జిని సీసంగా మారుస్తుంది. సన్నని సీసపు బిందువులు కరుగు గుండా కిందికి దిగుతూ బంగారాన్ని, వెండిని తమలో కలుపుకుని అడుగున బొత్తంలా గడ్డకడతాయి. ఆ బొత్తాన్ని ఎముకల బూడిదతో చేసిన క్యూపెల్ అనే చిన్న గిన్నెలో కాల్చితే సీసమంతా ఆక్సైడై గిన్నెలోకి ఇంకిపోయి, చివరి క్షణంలో తళుక్కున మెరిసి ఒక పూస మిగులుతుంది. కంసాలి పుటం పెట్టడానికీ దీనికీ మూలసూత్రం ఒక్కటే. వెండి చాలకపోతే ముందే కొంత చేర్చి, పూసను నత్రికామ్లంలో ఉడికిస్తే వెండి కరిగిపోయి బంగారం ఒక్కటే నిలుస్తుంది. టన్నుకు ఐదు గ్రాముల రాయి అయితే, ఆ 30 గ్రాముల నుంచి వచ్చే బంగారం 0.15 మిల్లీగ్రాములు, దాన్ని తూచే త్రాసు గాజుపెట్టెలో, గాలి సోకని గదిలో ఉంటుంది.

ఈ లెక్క ఎంత సాహసమైనదో ఒక ఉదాహరణ చెబుతుంది. మీటరు మందం గల రీఫులో ఒక గాడి చుట్టూ ఒకటిన్నర మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల ఎత్తు గల రాతికి ప్రాతినిధ్యం వహిస్తే, అది సుమారు 60 టన్నులు. అంటే మూసలో పడ్డ 30 గ్రాములు తమకంటే ఇరవై లక్షల రెట్లు ఎక్కువ రాతి తరఫున సాక్ష్యం చెబుతున్నాయన్నమాట. అందుకే ఒక్క నమూనాను నమ్మరు; వరుసగా అనేకం తీసి, మందాన్ని బట్టి సగటు కడతారు. మీటరు మందంలో టన్నుకు పది గ్రాములు, రెండు మీటర్ల మందంలో నాలుగు గ్రాములు తేలితే సగటు ఏడు కాదు, ఆరే. ఎక్కడో ఒక పెద్ద రేణువు పడి అసాధారణంగా ఎక్కువ చూపిన నమూనాను అలాగే లెక్కలో చేర్చకుండా, తిరిగి చెక్కి చూస్తారు. పాత కంపెనీ పటాల మీది అంకెలు కొత్త గాళ్ళ ఫలితాలతో సరిపోలితేనే, తిరిగి చేరుకోలేని పాత చోట్ల అంకెలనూ నమ్మవచ్చు. తిరిగి తెరుచుకునే గనికి, పూర్వులు రాసిపెట్టిన రిజిస్టరు షాఫ్టుతో సమానమైన ఆస్తి.

హట్టి అన్వేషణ తరువాత 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది, 1948లో మిల్లు రాయి నలపడం మొదలుపెట్టింది. 1956 తరువాత ఆ సంస్థే హట్టి గోల్డ్ మైన్స్ కంపెనీ పేరుతో కొనసాగుతోంది. కోలారు బంగారు గని 2001లో మూతపడినా హట్టి నిలిచింది. కోలారుతోపాటే అనంతపురం సీమలోని రామగిరి, చిత్తూరు సరిహద్దులోని చిగురుగుంట గనులూ ఆగిపోయాయి. వాటిని మళ్ళీ తెరవాలన్న మాట తరచూ వినిపిస్తూనే ఉంది గనుక, అక్కడ పనిచేసినవారి ఇళ్ళలోగాని, పాత కార్యాలయాల బీరువాల్లోగాని నమూనాల పటాలు, పరీక్షల రిజిస్టర్లు మిగిలి ఉంటే, వాటిని చెదలకూ తుక్కు కాగితాల వ్యాపారికీ వదలకుండా రాష్ట్ర అభిలేఖాగారానికి చేర్చాలి.